మాటల బడిలో అక్క

జూన్ 14

పెదనాన్నా,

క్షేమంగా చేరాను. ఈ ముక్క ముందు రాయకపోతే మీరు మిగతా ఉత్తరం చదవరని నాకు తెలుసు.

మీ సోదర సంఘం వారి మాటల బడి నేననుకున్నదానికంటే చిన్నది, అనుకున్నదానికంటే గోల. మాటలు రాని పిల్లల బడి కదా, చీమ చిటుక్కుమన్నా వినపడుతుందనుకుని వచ్చాను. పట్టుమని పదిమంది లేరు గానీ పైకప్పు లేచిపోతుంది. మాట రాకపోతే బల్ల ఉంది, బల్ల బాదటానికి పలక ఉంది. నా చెవులకు వారంలో తుప్పు వదిలింది.

వీధివైపున్న ముందుగదే తరగతి. ఆ వెడల్పాటి తలుపులు చూస్తే ఒకప్పుడు ఇదేదో కొట్టయి ఉండాలి. కిటికీ దగ్గర గచ్చు ఒకచోట నున్నగా అరిగి పల్లం పడింది. అక్కడ కుర్చీ వేస్తే కాలు దిగబడి ఊగుతుంది, అందుకని ఆ చోటు ఖాళీగా వదిలేశాను. నా సరంజామా అంతా ఒక అద్దం, ఒక కొవ్వొత్తి, ఒక కోడి ఈక. "ప" అని పలికితే కొవ్వొత్తి మంట వంగాలి, "ఫ" అంటే ఈక ఎగరాలి.

శనివారం మధ్యాహ్నాలు మీ సోదరులు భుజాన నీలం పట్టీలతో వస్తారు. పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని కథలు చదివి వినిపిస్తారు. కార్యదర్శి గారు, అదే కళ్ళజోళ్ళ కొట్టాయన, సింహంలా గర్జిస్తే పిల్లలకంటే ముందు బడి ఆయమ్మ హడలిపోయింది.

ఒక్కటే నాకు అంతుపట్టడం లేదు. ఎక్కడెక్కడి ఇళ్ళనుంచో వచ్చిన పిల్లలు, అందరికీ ఒకటే అలవాటు. మాట పలకబోయే ముందు పెదవులు బిగబట్టి ఎడమ మూలనుంచి మాత్రమే శబ్దం వదులుతారు, నోట్లోంచి ఏదో జారిపోతుందన్నట్టు. "ఇలా ఎవరు నేర్పార్రా?" అని బుగ్గలోడని నేను పిలిచే బూరెబుగ్గల పిల్లాణ్ణి అడిగాను. వాడికి కాస్త మాటలు వచ్చాయి. "అక్క" అన్నాడు. ఆయమ్మ కూతురై ఉంటుంది. కనబడితే మెత్తగా చెప్పాలి.

పిచ్చుక అని పిలిచే పాప ఒకతె ఉంది. లాండ్రీలో పనిచేసే ఆవిడ కూతురు, ఐదేళ్ళది. ఇంతవరకూ ఒక్క అక్షరం పలకలేదు. దాని నోటినుంచి ఒక్క మాట రప్పిస్తే నా చదువు దండగ కాదనుకుంటాను.

మీ అమ్మడు

—

జూన్ 22

అమ్మడూ,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాను. మంగలి షాపులో కూడా చదివి వినిపించాను. కార్యదర్శి గర్జన దగ్గర మంగలి కత్తి పక్కన పెట్టేసి మరీ నవ్వాడు. నా చెవి దక్కింది.

నేనీ వయసులో కూడా మెషిను ముందు కూర్చుంటున్నానని మీ నాన్న మొన్న కోప్పడ్డాడు. కాళ్ళు ఆడినంతకాలం దర్జీవాడు బతికున్నట్టేరా అన్నాను. బళ్ళు తెరిచారుగా, సంఘం ఫీజు కట్టే పిల్లలకి యూనిఫారాలు ఈసారీ నేనే కుడుతున్నాను. సంఘంలో చేరినరోజు చెయ్యి చాపి చెప్పిన మాట ఒకటుంది: "ఏ ఇంటి బిడ్డయినా నా ఇంటి బిడ్డే." చెప్పటం తేలిక. గుండీలు కుట్టేటప్పుడు తెలుస్తుంది.

ఆ అక్కెవరో, పిల్లల్ని చేరదీస్తోందంటే మంచిదే. మందలించకు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ముందు పిల్లలకి నోరంటూ రావాలిగా. దానికి ఒక గౌను కుట్టి పంపుతాను. ఎంత పొడుగుంటుందో రాయి. గచ్చు పల్లం సంగతి పట్టించుకోకు. పాత ఇళ్ళన్నాక ఉంటాయి.

పెదనాన్న

—

జూలై 3

పెదనాన్నా,

ముందు శుభవార్త. పిచ్చుక మాట్లాడింది!

అయినా నాకు ఎగిరి గంతెయ్యాలని లేదు. ఎందుకో చెబుతాను వినండి.

ఆయమ్మకి కూతురు లేదు. ఉన్న ఒక్క కొడుకూ లారీ నడుపుతాడు. మీరు కొలత అడిగారు కదా అని బుగ్గలోణ్ణి "అక్క ఎంతుంటుందిరా?" అన్నాను. చెయ్యి చాపి తన భుజం దగ్గర పెట్టాడు. వాడికంటే చిన్నదన్నమాట.

"మరి నీకు అక్కెలా అయింది?"

"ముందునుంచీ ఉందిగా" అన్నాడు, ఇంతమాత్రం తెలీదా అన్నట్టు.

"ఎక్కడుంటుంది?"

కిటికీ దగ్గర గచ్చు పల్లం చూపించాడు. మిగతా పిల్లలంతా అటు తిరిగి చూశారు. అందరి చూపూ ఒకే ఎత్తులో, నేలకు కాస్త పైన ఆగింది. పట్టపగలు, వీధిలో సైకిళ్ళు పోతున్నాయి, అయినా నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. పిల్లల ఆటలే అని సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు పిచ్చుక వెళ్ళి సరిగ్గా ఆ పల్లంలోనే కూర్చుంది. నేను ఈక పట్టుకుని "ఫ" అంటున్నాను. అది పెదవులు బిగబట్టి, ఎడమ మూలనుంచి, తేటగా అంది: "చక్రం ఆపు నాన్నా. నా జడ పడుతుంది."

మాట రాని పిల్లలకి మాట అలా రాదు పెదనాన్నా. ముందు ఊ, ఆ అని తడుముకుంటారు, సగం మింగుతారు, కప్పని పప్ప అంటారు. ఏళ్ళ తరబడి దాచుకున్నట్టు వాక్యం మొత్తం ఒక్కసారి రాదు. పైగా పిచ్చుకకి జడే లేదు, పేలు పడ్డాయని జుట్టు కత్తిరించేశారు. తండ్రి అది పుట్టకముందే పోయాడట. వాళ్ళమ్మ మాత్రం సంతోషంతో గోడకి చేరగిలబడి ఏడ్చింది. కార్యదర్శి గారు వార్షిక సభలో దాతలందరి ముందూ పాప చేత మాట్లాడిస్తానంటున్నారు.

నేను వద్దంటే బాగుండదు. మీరేమంటారు?

అమ్మడు

—

జూలై 9

అమ్మడూ,

ఇంకేమంది? ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక్క మాట కూడా వదలకు. గొంతు సన్నగా ఉందా, కాస్త బొంగురా? నవ్విందా?

పాపని ఆ చోటునుంచి లేపకు.

గౌను పంపుతున్నాను. కొలతలు అక్కర్లేకపోయాయి.

పెదనాన్న

—

జూలై 18

పెదనాన్నా,

ఉత్తరం చదివి కష్టమనిపించింది. నేనొక భయం చెప్పుకుంటే మీరూ కార్యదర్శి గారిలాగే పాప ప్రదర్శనకి తయారవుతున్నారు. నవ్విందా, ఏడ్చిందా అని అడగటానికి అదేమన్నా చిలకా? మీ సంఘంవాళ్ళందరికీ ఫలితం చూపించాలనే ఆత్రమేనా?

గౌను అందింది. కుట్టు చక్కగా ఉంది, కానీ పిచ్చుకకి పట్టలేదు, బాగా చిన్నది. అది గౌను నా చేతిలోంచి తీసుకుని, పల్లం పక్కన నేలమీద పరిచింది, ఎవరో వేసుకోవడానికి ఉంచినట్టు. "వెనక గుండీ నాన్నే పెడతాడు" అంది.

మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఆ తర్వాత అది అన్న మాట ఇది: "నాన్న నోట్లో గుండుసూదులుంటాయి. నోరు తెరిస్తే పడిపోతాయి. నేనూ పెట్టుకున్నా." అని పెదవులు బిగించి చూపింది. బడిలో పిల్లలందరూ బిగించేది అలాగే.

ఇప్పుడు అది పిచ్చుకా అని పిలిస్తే పలకదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కాలి మడమ అదేపనిగా కిందికీ పైకీ ఆడిస్తుందట. నిన్న సాయంత్రం తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వస్తే మొహంలోకి చూసి, "నువ్వెవరు?" అంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి లాక్కుపోయింది. "నా కూతురు మాట్లాడాలని ఎదురుచూశానమ్మా. దాని నోట్లోంచి ఇంకెవరో మాట్లాడాలని కాదు. నా మూగపిల్లని నాకిచ్చెయ్యండి" అంది.

లోపలికొచ్చి గౌను మడతపెట్టాను. మెడపట్టీ లోపల తెంచిన దారం చివర ముడేసి ఉంది, మీరు ఎప్పుడూ వేసే ముడి. అప్పుడు తట్టింది. మీరు కూడా గుండుసూదులు పెదవుల ఎడమ మూలనే పట్టుకుంటారు. చిన్నప్పుడు నేను చూశాను.

పెదనాన్నా, ఈ ఇల్లు ఎవరిది?

అమ్మడు

—

జూలై 24

అమ్మడూ,

ఆ ఇల్లు నాదే. నువ్వు కూర్చునే ముందుగది నా కుట్టు దుకాణం. ఆ పల్లం నా మెషిను కాళ్ళూ నా కాళ్ళూ కలిసి చేసింది.

నాకొక కూతురుండేదని నీకు తెలుసు. జ్వరంతో పోయిందని మీ నాన్న చెప్పుంటాడు. అది మాట్లాడేది కాదని చెప్పుండడు, ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. వినపడేది. అన్నీ అర్థమయ్యేవి. నోరు మాత్రం తెరిచేది కాదు. పొద్దస్తమానం మెషిను కింద కూర్చుని కత్తిరింపు ముక్కలు రంగులవారీగా పేర్చుకునేది. దాని జడ ఒకసారి చక్రంలో పడింది. అప్పుడు కూడా అరవలేదు. మీ పెద్దమ్మ చూసి అరిచింది.

మాట్లాడిద్దామని మేం చెయ్యని పని లేదు. చేతిలో మిఠాయి పట్టుకుని, "ఏదీ, నాన్న అను, నీదే" అనేవాణ్ణి. అది మిఠాయి వైపు కాదు, నా నోటి వైపు చూసేది. ఎందుకు చూసేదో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు. పక్షంరోజులు జ్వరం కాసి పోయింది. మరుసటేడు మీ పెద్దమ్మ పోయింది. ఇల్లు సంఘానికి రాసిచ్చి, మాటలు రాని పిల్లలకి బడి పెట్టమన్నాను. గోడమీద నా పేరు ఉండకూడదన్నాను. ఈ ఊరొచ్చేశాను. నువ్వింకా పుట్టలేదు.

నిన్ను అక్కడికి పంపింది ఉద్యోగం కోసమే. దేవుడి మీద ఒట్టు, ఇంకో ఉద్దేశం లేదు.

అమ్మడూ, ఆ పాపని కొన్నాళ్ళు ఆపకు. వాళ్ళమ్మకి నచ్చజెప్పు. నేను బయలుదేరి వస్తున్నాను. ఈలోగా దాన్ని అడుగు: జ్వరం రోజుల్లో ఒళ్ళు బాగా నొప్పి పెట్టిందా? మీ పెద్దమ్మ ఇప్పుడు దాని దగ్గరుందా? నా మీద కోపమా? నా కూతురి గొంతు నేనెప్పుడూ వినలేదు. నువ్వు విన్నావు.

పెదనాన్న

—

జూలై 29

పెదనాన్నా,

మీ ఉత్తరం చదువుతూ ఏడ్చాను. ఏడ్చాక కూడా నా జవాబు మారలేదు. నేను అడగను.

ఆ పాప టెలిఫోను కాదు. దాని నోరు దానికి కావాలి. ఇప్పుడు నేర్చుకోకపోతే ఇంకెప్పుడూ నేర్చుకోలేని వయసు దానిది. మీ అమ్మాయి మాట్లాడే ప్రతి మాటా పిచ్చుక నోట్లో చోటు తినేస్తోంది. వారం క్రితం కనీసం ఆకలేస్తే చెయ్యి పట్టుకుని లాగేది. ఇప్పుడు అదీ లేదు.

ముందుగదికి తాళం వేసి పిల్లల్ని వెనక వసారాలో కూర్చోబెడుతున్నాను. కార్యదర్శి గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పిచ్చుక మాత్రం తాళం వేసిన తలుపు దగ్గర బోర్లాపడుకుని, కింద సందులో నోరు పెట్టి గుసగుసలాడుతోంది. నేను దగ్గరకెళ్తే ఆపేస్తుంది. లోపలినుంచి వచ్చే గుసగుస మాత్రం వెంటనే ఆగదు. ఈ వాక్యం మళ్ళీ చదవకండి.

రండి. కానీ వినటానికి రాకండి. "ఏ ఇంటి బిడ్డయినా నా ఇంటి బిడ్డే" అని మీరే రాశారు. లాండ్రీ ఆవిడ కూతురు ఇప్పుడు ఎవరి బిడ్డో మీరు తేల్చాలి.

ఇంత కటువుగా రాసినందుకు కొట్టాలనిపిస్తే, వచ్చాక కొట్టండి.

అమ్మడు

—

ఆగస్టు 10

అమ్మడూ,

ఇల్లు చేరాను. గదిలోంచి నేను బయటికొచ్చాక నువ్వేమీ అడగలేదు, రైలెక్కించేదాకా నా సంచీ మోశావు, అంతే. అడిగుంటే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి.

ఆ రోజు ముందుగది తలుపు వేసుకుని పల్లం దగ్గర కూర్చున్నాను. పాప వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా నోటి వైపు చూసింది. "సూదులు తీసేశావా?" అంది.

గొంతు మీ పెద్దమ్మలా ఉంటుందనుకునేవాణ్ణి ఇన్నేళ్ళూ. ఎవరిలాగా లేదు. కాస్త బొంగురుగా, చివర పైకి లేస్తోంది. నేను అడగాలనుకున్నవన్నీ మర్చిపోయాను. అదే చెప్పింది. ఎర్రముక్కలు ఒకవైపు, పచ్చముక్కలు ఒకవైపు. నా చెప్పు తోలు వాసన. కొలతలు తీసేటప్పుడు పొట్ట లోపలికి బిగించుకునే లావాటాయన. అవన్నీ చూసిందట, చూసి నవ్వుకునేదట, లోపల. నేనూ నవ్వాను. ఎంతసేపో తెలీదు. సుఖమంటే అదే అమ్మడూ. చచ్చేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి.

అప్పుడు నా మోకాలి మీద తడి తగిలింది. తలెత్తి చూశాను. పాప ఏడుస్తోంది. కళ్ళు ధారలు కడుతున్నాయి, ముక్కు కారుతోంది, చేతులు వాళ్ళమ్మ ఉన్న తలుపు వైపు చాపింది. నోరు మాత్రం ఆగకుండా, నవ్వుతూ, పచ్చముక్కల కబుర్లు చెబుతోంది. మొహం ఒకరిది, నోరు ఒకరిది.

నేను దాని నోటిమీద చెయ్యి పెట్టాను. "చాలమ్మా" అన్నాను. "ఇది నీ నోరు కాదు. ఇంకోళ్ళ పాపది. ఇచ్చెయ్. పద, ఇంటికి పోదాం."

బతికుండగా ఒక్క మాట కోసం కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి మాట్లాడుతుంటే నా నోటితో నేనే నోరు మూసుకోమన్నాను.

అరచేతి కింద పెదవులు ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత వదిలేశాయి. పాప నోరు తెరిచి ఆరున్నొక్క రాగం అందుకుంది. అది నువ్వూ విన్నావుగా, బయటినుంచి. అది మాత్రం అచ్చంగా దానిదే.

పెదనాన్న

—

ఆగస్టు 27

పెదనాన్నా,

ముందుగది తెరిచాను. పిల్లలు పల్లం చుట్టూ తిరిగిపోవడం మానేసి, దాని మీదుగానే పరిగెడుతున్నారు. పెదవులు బిగించే అలవాటు ఎవరికీ లేదు, అద్దం పెట్టి సరిదిద్దే పని నాకు తప్పింది. "అక్క ఏదిరా?" అని బుగ్గలోణ్ణి అడిగాను. "తాతతో వెళ్ళింది. సంచీ పట్టుకుని నడిచింది" అన్నాడు. స్టేషనుకి మీ సంచీ మోసింది నేను. నా రెండో పక్క ఎవరున్నారో నేను చూడలేదు.

పిచ్చుక చాలారోజులు మాట్లాడలేదు. వాళ్ళమ్మ నన్ను నమ్మక, పని మానుకుని వచ్చి గుమ్మంలో కూర్చునేది. నాలుగురోజుల క్రితం ఆవిడ చేతులు వాసన చూసి పిచ్చుక తడుముకుంటూ, ఉమ్ము కారుస్తూ, "చబ్బు" అంది. సబ్బు! ఎంత అందమైన తప్పో. ఆవిడ నవ్వుతూ ఏడుస్తూ రెండు చేతులూ దాని మొహానికి అద్దేసింది. నిన్న వార్షిక సభలో దాతలందరి ముందూ కార్యదర్శి గారు అది చక్కగా మాట్లాడుతుందని ఊదరగొట్టి మైకు ఇస్తే, మైకుతో కూడా "చబ్బు" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెమటకో, కన్నీళ్ళకో తెలీదు.

మీరెలా ఉన్నారు? ఒంటరిగా అనిపిస్తే చెప్పండి, సెలవు పెట్టి వస్తాను.

అమ్మడు

—

సెప్టెంబరు 5

అమ్మడూ,

చబ్బు! మంగలి షాపులో చెప్పాను, వాడిప్పుడు అలాగే అంటున్నాడు.

సెలవు పెట్టకు. నేను ఒంటరిగా లేననుకుంటాను.

ఊరినుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో మెషిను తొక్కడం మానేశాను. రేడియో పెట్టలేదు. పనిమనిషిని గిన్నెలు చప్పుడు చెయ్యొద్దన్నాను. ఆ తర్వాత ఇంట్లో నేను పెదవి కదపలేదు. రమ్మన్నది నేనే కదా, వస్తే వినపడుతుందని చెవులప్పగించి కూర్చున్నాను. ఏమీ లేదు. రాలేదేమో, నా మాట నమ్మలేదేమో అనుకున్నాను.

ఈరోజు పొద్దున పక్కింటి కోడలు ప్రహరీ మీదనుంచి పలకరించింది. "తాతగారూ, మీ మనవరాలు ఎన్నాళ్ళుంటుంది? ఎంత గలగలా మాట్లాడుతుందండీ, పొద్దున లేచింది మొదలు! ఆ గొంతు కాస్త బొంగురైనా ముద్దొస్తోంది."

గోడ పట్టుకున్నాను.

"ఏమంటుందమ్మా?"

"అదేంటండీ, మీ పక్కనే కూర్చుని చెబుతుందిగా!"

"నాకు వినపడటం లేదమ్మా. నువ్వు చెప్పు."

వయసు మీదపడి చెవులు మందగించాయనుకుంది పాపం. గొంతు పెంచి చెప్పింది. "ఏవో రంగు ముక్కల కబుర్లండీ. కానీ నిన్నట్నుంచీ బెంగపడింది. ఒకటే మాట పదే పదే అడుగుతోంది. 'నాన్న ఒక్క మాటైనా మాట్లాడడేం? నాన్న ఒక్క మాటైనా మాట్లాడడేం?' అని. వాళ్ళ నాన్న ఊళ్ళో లేడా అండీ?"

ఉన్నాడమ్మా అన్నాను.

అమ్మడూ, ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. ఏమీ అనుకోకు. నేను మాట్లాడాలి.

పెదనాన్న